టెక్ సందేహాలు: అకౌంటెంట్ మానేశాడు, ఫైళ్ల సంగతేంటి?

'ఏ ఫోన్ కొనాలి' అన్న ప్రశ్న లేకుండా చాన్నాళ్లకు ఓ వారం గడిచింది. ఈసారి వచ్చినవన్నీ ఆఫీసు ఫైళ్ల గొడవలే. పెద్ద కంపెనీల్లో దీన్ని ఇన్ఫర్మేషన్ గవర్నెన్స్ అంటారు. దానికో విభాగం, ఓ మేనేజరు, బోలెడు మీటింగులు ఉంటాయి. పదిమంది పనిచేసే చోట అంత హంగామా అక్కర్లేదు. ఫైలు ఎవరిది, ఎక్కడుంది, ఎన్నాళ్లు ఉంచాలి అన్నవి ముందే తేల్చుకుంటే చాలు.

ప్రశ్న: మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. ఆరేళ్లు పనిచేసిన అకౌంటెంట్ పోయిన నెల మానేశాడు. పార్టీల బాకీలు, రేట్ల షీట్లు అన్నీ అతని సొంత జీమెయిల్‌లోని గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి. మాకు షేర్ చేశాడు, ఓపెన్ అవుతున్నాయి. టెన్షన్ పడాలా?
*– ఓ వ్యాపారి, తెనాలి*

జవాబు: ఓపెన్ అవుతున్నప్పుడే పని మొదలుపెట్టండి. డ్రైవ్‌లో ఫైలు ఎవరి ఖాతాలో తయారైతే వాళ్లే దానికి ఓనర్. లెక్కలు మీ షాపువే అయినా గూగుల్ దృష్టిలో ఆ షీట్లు అతనివి. స్టోరేజీ నిండిందని అతను డిలీట్ కొడితే 30 రోజులు ట్రాష్‌లో ఉండి, ఆ తర్వాత మీకూ అతనికీ కూడా లేకుండా పోతాయి. పైగా రెండేళ్లపాటు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తీసేస్తామని గూగుల్ చెప్పింది. 2023 డిసెంబరు నుంచి అది అమల్లో ఉంది.

షాపు పేరుతో ఓ జీమెయిల్ తెరవండి. రికవరీ ఫోన్ నంబరు మీది ఇవ్వండి, కొత్త అకౌంటెంట్‌ది వద్దు. పాతతన్ని మర్యాదగా పిలిచి, కాఫీ ఇచ్చి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. షేర్ నొక్కి, షాపు ఖాతా పక్కనుండే మెనూలో 'ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్' ఎంచుకోవాలి. షాపు ఖాతాలోకి వచ్చే మెయిల్‌లో మీరు సరేనంటే ఫైలు మీదవుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఫోల్డర్‌ను మార్చి, పని అయిపోయిందనుకుంటారు. ఫోల్డర్ ఓనర్‌షిప్ మారినంత మాత్రాన లోపలి ఫైళ్లవి మారవు. వాటిని విడిగా మార్చాలి.

అతను రానంటే 'మేక్ ఎ కాపీ' కొట్టుకోండి. అంకెలు దక్కుతాయి గానీ, ఏ అంకె ఎవరు ఎప్పుడు మార్చారన్న వెర్షన్ హిస్టరీ కాపీతో రాదు. బాకీల షీటుకు ఆ హిస్టరీయే ప్రాణం. రేపు ఓ పార్టీ 'మార్చిలోనే కట్టేశాను కదండీ' అంటే చూపించాల్సింది అదే.

ముందుముందు గూగుల్ వర్క్‌స్పేస్ (సంస్థల కోసం గూగుల్ డబ్బు తీసుకుని ఇచ్చే సేవ) తీసుకునే ఆలోచన ఉంటే, మీరు కొనే ప్లాన్‌లో 'షేర్డ్ డ్రైవ్' ఉందో లేదో అడగండి. అందులో పెట్టిన ఫైళ్లు మనుషులవి కావు, సంస్థవి. ఎవరు మానేసినా అక్కడే ఉంటాయి.

ఇంకోమాట. అకౌంటెంట్‌ను తప్పుపట్టకండి. షాపుకో మెయిల్ ఐడీ ఉండాలని ఆరేళ్లలో మీకూ తోచలేదు కదా!

ప్రశ్న: అమీర్‌పేటలో హాస్టల్ నడుపుతున్నాను. చేరేవాళ్ల ఆధార్ కాపీలు వాట్సాప్ గ్రూపులో వేయిస్తాం. గ్రూపులో నేను, వార్డెన్, ఇద్దరు మేనేజర్లు ఉంటాం. ఇబ్బంది ఏమైనా ఉందా?
*– ఓ పాఠకురాలు, హైదరాబాద్*

జవాబు: ఒక్క ఆధార్ ఫొటో ఆ గ్రూపులో పడితే ఏమవుతుందో చూడండి. నలుగురి ఫోన్లలోనూ గ్యాలరీలోకి దిగుతుంది. గూగుల్ ఫొటోస్‌లో ఆ ఫోల్డర్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే క్లౌడ్‌లోకి ఎక్కుతుంది. ప్రింటు కోసం వాట్సాప్ వెబ్‌లో తెరిస్తే కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఇంకో కాపీ. వార్డెన్ పిల్లలు ఫోన్ తీసుకుని గ్యాలరీ చూస్తే, పెళ్లి ఫొటోల మధ్యలో ఎవరిదో ఆధార్! ఖాళీ చేసి ఏడాదైన అమ్మాయి 'నా కాపీ తీసేయండి' అంటే ఎన్నిచోట్ల వెతుకుతారు?

ఇది మొహమాటం వ్యవహారం కాదిక. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు అప్పట్నుంచి 18 నెలల గడువిచ్చారు. ఏ పనికోసం వివరాలు తీసుకున్నామో ఆ పని అయిపోయాక, ఇంకా ఉంచాలని వేరే చట్టం చెబితే తప్ప, వాటిని తీసేయాలన్నది అందులో ఓ బాధ్యత. తగిన భద్రత లేక డేటా బయటికి పొక్కితే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. అది గరిష్ఠ పరిమితి. హాస్టల్‌కు అంత వేస్తారని భయపెట్టడం లేదు, చట్టం దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుందో చెబుతున్నానంతే.

గ్రూపులో వేయించడం ఇవాళే ఆపండి. హాస్టల్ పేరిట ఒక ఖాతా, అందులో ఒక ఫోల్డర్, తెరిచే హక్కు ఇద్దరికే. చేరేవాళ్లను మాస్క్‌డ్ ఆధార్ ఇమ్మనండి. ఆధార్ సైటులోనే డౌన్‌లోడ్ అవుతుంది, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. పూర్తి నంబరు కావాలని పోలీసులో మరొకరో అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. నలుగురి ఫోన్లలో వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్‌లోకి వెళ్లి 'మీడియా విజిబిలిటీ' ఆపేయండి. అయితే అది ఇకపై వచ్చే ఫొటోలకే. పాతవి మాత్రం కూర్చుని చేత్తో ఏరాల్సిందే, దగ్గరిదారి లేదు.

ప్రశ్న: పాత బిల్లుల స్కాన్‌లతో హార్డ్‌డిస్క్ నిండిపోయింది. ఎన్నాళ్లు దాచాలి?
*– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం*

జవాబు: జీఎస్టీ రికార్డులైతే ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఖాతా పుస్తకాలు, వాటి ఓచర్లు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు. కేసో అప్పీలో నడుస్తుంటే అది తేలేదాకా ముట్టుకోవద్దు. తీసేసే ముందు ఆడిటర్‌తో ఓ మాట చెప్పి, ఏమేం తీసేశారో ఒక షీటులో రాసిపెట్టుకోండి.

ప్రశ్న: మా స్కూల్లో ఫీజుల సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి బ్యాకప్ అవుతుందని మా ఐటీ అబ్బాయి అంటాడు. నమ్మొచ్చా?
*– ఓ కరస్పాండెంట్, ఖమ్మం*

జవాబు: అబ్బాయిని నమ్మండి, బ్యాకప్‌ను నమ్మకండి. నేను గతంలో పనిచేసిన ఓ ఆఫీసు బీరువాలో హార్డ్‌డిస్క్ ఒకటి ఉండేది. దానిమీద 'ముఖ్యం, ముట్టుకోవద్దు' అని చీటీ. నిజంగానే ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. అవసరమొచ్చిన రోజు కేబుల్ పెడితే టిక్ టిక్ మంది తప్ప తెరుచుకోలేదు.

మహామహులకూ ఇదే గతి. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో 2017 జనవరి 31న ఓ ఇంజినీరు వేరే సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాబేస్ చెరిపేశాడు. తేరుకునేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే అది లేనే లేదు. డేటాబేస్‌దీ, బ్యాకప్ టూల్‌దీ వెర్షన్ కలవక చాన్నాళ్లుగా ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరడం లేదు. ఆరుగంటల ముందు వేరే పనికోసం యాదృచ్ఛికంగా తీసిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఇదంతా వాళ్లే దాచుకోకుండా బయటపెట్టారు, అది మెచ్చుకోవాలి.

మీరు చేయాల్సింది చిన్న పరీక్ష. పోయిన శుక్రవారం కట్టిన ఫీజు రసీదు నంబరు ఒకటి రాసుకోండి. ఖాళీ కంప్యూటర్‌లో బ్యాకప్‌ను రీస్టోర్ చేసి ఆ రసీదు తెరవమనండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూడండి. టర్ముకోసారి చేయించండి.

ప్రశ్న: మా గ్రంథాలయ సంఘం పాత సంచికలు పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లలో ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. పాత కంప్యూటర్ ఒకటి ఇంకా ఆన్ అవుతోంది.
*– ఓ కార్యదర్శి, గుంటూరు*

జవాబు: అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టాయి. ఫాంట్ లేకపోతే ముసుగు తొలగి కింది అక్షరాలు కనిపిస్తాయి. ఫాంట్ ఉన్నా అందులో 'గ్రంథాలయం' అని వెతికితే దొరకదు, కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు కాబట్టి. ప్రతి భాష అక్షరాలకూ విడిగా సొంత నంబర్లు ఇచ్చే పద్ధతి యూనికోడ్. తెలుగు 1991 నుంచే అందులో ఉన్నా, మన డీటీపీ సెంటర్లు అటు మళ్లడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు ఆ పాత కంప్యూటర్‌లోనే ప్రతి సంచికనూ ఫాంట్లు కలిసేలా పీడీఎఫ్ చేయండి. పేజీ రూపం దక్కుతుంది. ఆ తర్వాత అక్షరాలను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లో వేయండి. వత్తుల దగ్గర తప్పులొస్తాయి, ప్రూఫ్ చూసేవాళ్లు కావాలి. కాగితం మాత్రమే మిగిలిన సంచికలుంటే స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు అచ్చును బాగానే చదువుతుంది.

పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అది నడిచే యంత్రాలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఈ పనంతా అయ్యేదాకా ఆ కంప్యూటర్‌ను మాత్రం పాతసామాన్లవాడికి వేయకండి.