కణాలు కదిలినా గేదె చూడి కట్టదేం?

ప్రశ్న: మా గ్రేడెడ్ ముర్రా గేదెకు ఈ వేసవిలో మూడుసార్లు కృత్రిమ గర్భధారణ సూది వేయించాను. మూడుసార్లూ ఒకే దున్న వీర్యం. ప్రతిసారీ 21 రోజులకు మళ్లీ ఎదకొచ్చింది. వీర్యకణాలు బాగానే కదులుతున్నాయన్నారు. లోపం ఎక్కడుంది? – ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మూడు ఎదలు వృథా అయితే రెండు నెలలు గొడ్డును ఊరికే మేపినట్టే. మీ టెన్షన్ నాకు అర్థమైంది.

కణం కదులుతోందంటే ఈదగలదని మాత్రమే అర్థం. దాని తలలోని డీఎన్ఏ బాగుందో లేదో మామూలు మైక్రోస్కోపులో తెలియదు. డీఎన్ఏ తెగిన కణం కూడా అండంలో చేరి పిండాన్ని కట్టగలదు. తెగింది కొద్దిగా అయితే అండమే సరిచేసుకుంటుంది. ఎక్కువైతే పిండం తొలి వారంలోనే ఆగిపోతుంది. అప్పటికి చూలు నిలిచిన సంగతి గేదె ఒంటికి తెలియదు. అందుకే మామూలుగానే 21 రోజులకు ఎదకొస్తుంది. కట్టలేదని మనం అనుకుంటాం, నిజానికి కట్టి పోయి ఉండొచ్చు.

దున్న వృషణాలు ఒంటి వేడికన్నా 2 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉండాలి. ఎండదెబ్బ తగిలితే తయారవుతున్న కణాలు దెబ్బతింటాయి, ఆ నష్టం కొన్ని వారాల తర్వాత తీసిన వీర్యంలో బయటపడుతుంది. పైగా దున్న వీర్యకణాలు ఆంబోతు కణాలకన్నా గడ్డకట్టించడాన్ని తక్కువగా తట్టుకుంటాయి. డీఎన్ఏ నష్టాన్ని కొలిచే పరీక్షను అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ ఎవెన్సన్ బృందం 1980లోనే ప్రకటించింది. కానీ అది మన పశువైద్యశాలలో చేసేది కాదు.

అయినా వీర్యాన్నే తప్పుపట్టడానికి తొందరపడకండి. వేసవిలో గేదెలది మూగ ఎద, అంటే లక్షణాలు పైకి సరిగా కనబడవు, వేళ తప్పడం చాలా మామూలు. సాయంత్రం ఎద చూస్తే మర్నాడు ఉదయం వేయించండి. స్ట్రాను (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్న గొట్టాన్ని) ద్రవ నత్రజనిలోంచి తీయగానే 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి వెంటనే వాడాలి. జేబులో పెట్టుకొచ్చిన స్ట్రా వద్దని చెప్పండి, మొహమాటపడకండి.

ఈసారి వేరే దున్న వీర్యం అడగండి. స్ట్రా మీది నంబరు రాసిపెట్టుకోండి. పాత నంబరుతో ఇరుగుపొరుగు గేదెలు కూడా తిరగపొర్లుతుంటే (చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకొస్తుంటే) డాక్టరుగారికి తప్పక చెప్పండి, ఇంకో పది ఇళ్లకు మేలు. కొత్త దున్నతోనూ నిలవకపోతే గర్భాశయం చూపించండి. ఎదలో కారే జిగురు తీగలు తెల్లగా, చీములా ఉంటే ఎదురుచూడకుండా ముందే చూపించాలి.

సూది వేయించాక వారం పది రోజులు గేదెను ఎండలో తిప్పకండి. వేడికి మంచి పిండం కూడా పోతుంది. నీడన కట్టి, మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు పోయండి.