భీమిలి చర్చి చూడబోతున్నారా? ముందు తాళం సంగతి కనుక్కోండి

ప్రశ్న: భీమిలిలో సముద్రం ఒడ్డున డచ్చివాళ్ళు కట్టిన పాత చర్చి ఉందట. పిల్లలకు చూపించాలని ఉంది. మేం క్రైస్తవులం కాదు, లోపలికి వెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, డాబాగార్డెన్స్

జవాబు: తప్పకుండా వెళ్ళొచ్చు. ఆరాధనకు వచ్చినవాళ్ళను మీది ఏ మతమని ఎవరూ అడగరు. అయితే సెయింట్ పీటర్స్ చర్చి డచ్చివారిది కాదు. పాత తెలుగులో ఒలందులు అని పిలిచిన ఆ డచ్చివారు 17వ శతాబ్దంలో వచ్చి, 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయారు. చర్చి ఆ తర్వాత ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన క్రైస్తవులు, కట్టుకున్నది. ఒలందులు మిగిల్చి వెళ్ళింది సమాధులను.

రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్తుంది. ప్రయాణానికి గంటా గంటంబావు పట్టొచ్చు. దిగాక చర్చి, గడియార స్తంభం, లైట్‌హౌస్, సమాధులు అన్నీ నడిచి చూడగలిగినవే.

చాలామందికి నిరాశ ఎదురయ్యేది తాళం దగ్గరే. పాత చర్చిలు ఆరాధన లేని వేళ మూసి ఉంటాయి. ముందురోజే చర్చి అయ్యగారికి (పాస్టరుకు) కబురు పెట్టి, మామూలు రోజు ఉదయం వెళ్ళండి. ఆదివారమే వీలైతే ఆరాధన మొదలుకాకముందే వెనక బల్లల్లో కూర్చోండి. చెప్పులు గుమ్మం బయట వదిలితే మంచిది, ఆడవాళ్ళు కొంగు తలమీద వేసుకుంటే మరీ మంచిది. ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చేటప్పుడు లేవకుండా కూర్చుంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. ఆరాధన జరుగుతుండగా ఫొటోలు మాత్రం వద్దు.

రంగుటద్దాల కిటికీని ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపండి. ఫ్లాష్ వేస్తే అద్దం నల్లబడి గోడే కనిపిస్తుంది. ఫోన్ తెరమీద అద్దం ఉన్నచోట వేలు నొక్కి, వెలుతురు తగ్గించండి. అప్పుడే రంగులు పడతాయి.

పిల్లల్ని గోస్తని మొగ దగ్గర నీళ్ళలోకి దింపకండి. అక్కడ ఏరు, సముద్రం రెండు వైపులా లాగుతాయి. వలలు, పడవలు తీరిగ్గా చూడాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడు వెళ్ళండి. ఆ 61 రోజులూ మరపడవలు ఒడ్డునే ఉంటాయి.

ప్రశ్న: సమాధుల మీది రాత అరిగిపోయింది. సుద్ద రుద్దితే కనిపిస్తుందా?
– ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: రుద్దకండి. సుద్దపొడి రాతి గుంటల్లో దిగి ఉండిపోతుంది, రుద్దిన ప్రతిసారీ అంచు కాస్త అరుగుతుంది. పొద్దుటి ఏటవాలు ఎండలో చూడండి. మబ్బుగా ఉంటే ఫోన్ టార్చిని అక్షరాలకు జానెడు దూరంలో, దాదాపు రాతిని ఆనించినట్టే పక్కనుంచి పట్టుకుని, మరో ఫోన్‌తో పైనుంచి ఫొటో తీయండి. చెక్కిన గీతల్లో నీడ నిలిచి అక్షరం లేచి కనిపిస్తుంది. డచ్చి సమాధుల రాత చాలాసార్లు ‘హియర్ లెయ్ట్ బెగ్రావెన్’ అని మొదలవుతుంది. ‘ఇక్కడ సమాధి చేయబడి ఉన్నారు’ అని అర్థం. ‘ఆన్నో’ తర్వాత వచ్చేది సంవత్సరం.

ప్రశ్న: మా పల్లెలో సున్నంతో కట్టిన పాత చర్చి గోడ పెచ్చులు రాలుతోంది. సిమెంటు పూయిద్దామంటున్నారు.
– సంఘ సభ్యుడు, భీమిలి మండలం

జవాబు: దయచేసి ఆపండి. ఉప్పుగాలికి గోడలో ఉప్పు చేరుతుంది. తడితో పాటు అది బయటికి వచ్చి, ఆరి గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. సున్నం పూత ఆ తడిని పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. అప్పుడు ఉప్పు సిమెంటు వెనకే ఉబ్బి, పాత ఇటుకను పొడిచేస్తుంది. రెండు మూడు వానాకాలాలయ్యాక సిమెంటు పలకలా ఊడుతుంది, దాంతో పాటు ఇటుక మొహమూ వస్తుంది.

ముందు చూరు కాలువలు, గోడ మొదట్లో నీళ్ళు నిలిచే చోట్లు సరిచేయండి. తెల్లగా పేరిన ఉప్పును కుంచెతో పొడిగా దులపండి, కడగకండి. సున్నాన్ని గుంటలో కనీసం మూడు వారాలు నాననివ్వండి. సున్నంలో నీళ్ళు పోసి విరిచేటప్పుడు సలసల కాగి చిమ్ముతుంది, కళ్ళు జాగ్రత్త. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఏటి ఇసుక కలపండి. సముద్రపు ఇసుక వాడితే ఉప్పును మళ్ళీ గోడకెక్కించినట్టే. గోడ తడిపి పల్చటి పూతలుగా వేయండి, ఒక్కోటి 10 మిల్లీమీటర్లకు మించొద్దు. తడి గోనెపట్టాలు కప్పి కనీసం వారం ఆరిపోకుండా చూడండి. ఎండలో త్వరగా ఆరితే బీటలిస్తుంది. పైన వెల్ల మాత్రమే వేయండి, ప్లాస్టిక్ పెయింటు వద్దు.

మొత్తం గోడ ఒకేసారి చేయించకుండా, రెండడుగుల చదరంలో పూసి ఒక వానాకాలం చూడండి. అక్కడ నిలిచాకే మిగతా గోడకు పూయించండి.