గర్భసంచి తీయించుకోవడానికి అప్పు చేసే ముందు

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. విజయవాడలో ఒక బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ చూస్తాను. మా ఆయన మూడేళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. విడాకులు కాలేదు, పైసా పంపడు. బాబుకి 13, పాపకి తొమ్మిదిన్నర. జీతం 20,000. పీఎఫ్, ఈఎస్‌ఐ, వృత్తి పన్ను పోను చేతికి 18,260 వస్తుంది. నాన్న వైద్యానికి తెచ్చిన లక్షా ఇరవై వేలకి మూడేళ్లుగా నూటికి మూడు రూపాయల వడ్డీ కడుతున్నాను. పుట్టింటి వాళ్లు పెట్టిన నాలుగు కాసుల బంగారం ఉంది, అది పాప పెళ్లికని అమ్మ ముట్టుకోనివ్వదు. ఏడాదిగా నెలసరి పది రోజులైనా ఆగట్లేదు, విపరీతమైన నీరసం. హిమోగ్లోబిన్ 7.8 ఉందన్నారు. ఇంటి దగ్గర నర్సింగ్ హోమ్‌లో స్కాన్ తీసి, చిన్న గడ్డ ఉంది, గర్భసంచి తీసేస్తే గొడవ ఉండదు, 70,000 అవుతుంది అన్నారు. ఆ డబ్బు కూడా పాత వడ్డీ ఆయనే ఇస్తానంటున్నాడు. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. మొన్న ఆదివారం పాప పాలగ్లాసు ఒలకబోసిందని కొట్టాను. అది ఏడవలేదు, తన గౌనుతోనే నేల తుడిచింది. నేనేం తల్లిని మేడమ్? ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర మొదలుపెడతాను, మిమ్మల్ని లోపల తినేస్తున్నది అదేనని నాకు అనిపించింది కాబట్టి. చీకటితో లేచి ఇద్దరికీ క్యారేజీలు కట్టి, రోజంతా కౌంటర్ దగ్గర నిలబడి, రాత్రి ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముట్టించే మనిషికి, అదీ 7.8 రక్తంతో, ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి. ఆడవాళ్లకి 12 కన్నా తగ్గితే రక్తహీనత, 8 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత అంటారు. మీరు ఆ రెండో గీత కూడా దాటిపోయారు. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, చిన్న మాటకే చికాకు, ఇవన్నీ దీని పనులే. మీ కోపంలో చాలా భాగం ఒంట్లో రక్తం లేకపోవడం వల్ల వస్తున్నది. అది తెలిస్తే మీ మీద మీకు కొంచెం జాలి కలుగుతుంది, అది అవసరం కూడా.

అయితే పాప విషయం అక్కడితో వదిలేయకండి. గౌనుతో నేల తుడిచిన పిల్ల, అమ్మకి మళ్లీ కోపం రాకుండా చూసుకోవాలని తొమ్మిదేళ్లకే నేర్చేసుకుంటోంది. రాత్రి పడుకునే ముందు పక్కన కూచోబెట్టుకుని, "ఆ రోజు నీ తప్పేం లేదమ్మా, నాకు ఒంట్లో బాగుండట్లేదు, కొట్టడం నా తప్పు" అని చెప్పండి. అంతే, ఎక్కువ వివరణ వద్దు. పెద్దవాళ్లు క్షమాపణ అడిగితే లోకువైపోతామని మన ఇళ్లలో అనుకుంటారు గానీ, ఆ ఒక్క మాటతో పిల్లలు ఎంత తేలికపడతారో నేను చాలాసార్లు చూశాను. బాబుకి కూడా, అమ్మకి రక్తం తక్కువుంది, మందులు వాడితే తగ్గుతుంది అని తెలియనివ్వండి. కుక్కర్ పెట్టడం, నీళ్లు పట్టడం వాడు చేయగలడు, చేయనివ్వండి. "నువ్వే ఈ ఇంటికి మగదిక్కు" అని మాత్రం మీరు అనకండి, చుట్టాల్ని అననివ్వకండి. పదమూడేళ్ల వాడికి అది మోయలేని బరువు.

ఇక ఆపరేషన్. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఈ అప్పు ఇప్పుడు చేయకండి, ఆపరేషన్‌కి తేదీ ఇవ్వకండి. గర్భసంచి ఎప్పుడూ తీయకూడదని నేను అనడం లేదు, నిజంగా తీయాల్సిన జబ్బులు ఉన్నాయి. కానీ ఒక్క స్కాన్ చూసి, థైరాయిడ్ చూశారో లేదో తెలియదు, మందులు వాడి చూడలేదు, 36 ఏళ్ల మనిషికి నేరుగా తీసేద్దాం అనడం సరైన వరస కాదు. మన ప్రాంతంలో ఇది కొత్తేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 8 శాతం దాటారు. అనవసరంగా జరుగుతున్న ఈ ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023లో కోర్టు చెప్పింది. పిల్లలు పుట్టేశారు కదా, ఇంక ఆ సంచితో పనేముంది అనే మాట మన ఇళ్లలో ఎంత మామూలైపోయిందో మీకూ తెలుసు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈ వయసుకే నెలసరి ఆగిపోయిన ఒళ్లయిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల భయం పెరుగుతుంది.

ఇంకో మాట. 7.8తో ఆపరేషన్ బల్ల ఎక్కించే ముందు ఎలాగూ రక్తం పెంచాలి. అంటే మొదటి పని రక్తం పెంచడమే. ఆ పెంచుకునే వారాల్లోనే ఇంకో గైనకాలజిస్టుకి చూపించుకుని అసలు కారణం తెలుసుకోండి. ఇంత బ్లీడింగ్‌కి గడ్డే కారణం కానక్కర్లేదు, థైరాయిడ్ కావచ్చు, హార్మోన్ల తేడా కావచ్చు. చిన్న గడ్డలు చాలామందిలో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉండిపోతాయి కూడా. బ్లీడింగ్ తగ్గించే మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది, ఐరన్‌ని సెలైన్‌లో ఎక్కించే పద్ధతి ఉంది. ఇవన్నీ చూశాక ఆ డాక్టర్ కూడా తీయాల్సిందే అంటే, అప్పుడు భయపడకుండా తీయించుకోండి. ఈలోగా గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగి పడబోయినట్టున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అప్పుడు షిఫ్ట్ అయిపోనీ అని చూడొద్దు.

ఐరన్ మాత్ర ఇస్తే దాన్ని టీతో వేసుకోకండి, టీ కాఫీలకి ముందూ వెనకా గంటైనా ఎడం ఉండాలి. నిమ్మరసం పిండుకున్న నీళ్లతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. క్యాల్షియం మాత్ర కూడా రాస్తే రెండూ ఒకేసారి వద్దు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. విరేచనం నల్లగా వస్తే కంగారుపడి మానేయకండి, అది మామూలే. తోటకూర, రాగులు, మాంసం తింటే కాస్త మాంసం, తినండి, మంచిదే. కానీ 7.8ని తోటకూరతో 12 చేయలేం, మందు మానొద్దు.

మరి ఇదంతా డబ్బు లేకుండా ఎలా అంటారు. ఇక్కడే మీ మీద నాకు చిన్న కోపం వచ్చింది. మీ ఉత్తరంలోనే ఈఎస్‌ఐ కోత అని రాశారు, దాన్ని వాడుకున్నట్టు ఒక్క ముక్క లేదు. 20,000 జీతానికి మీ వాటా నెలకి 150, షోరూమ్ వాళ్లు కట్టేది 650. నెలనెలా మీ పేరు మీద 800 రూపాయలు వెళ్తున్నాయి. అక్కడికెళ్తే క్యూలో రోజంతా పోతుంది, మనల్ని ఎవరు పట్టించుకుంటారు అని చాలామంది ఆ కార్డుని బీరువాలో పడేస్తారు. క్యూ ఉంటుంది, నిజమే. కానీ డెబ్భై వేల అప్పుకి నెలకి 2,100 వడ్డీ కట్టడం కంటే రెండు పూటలు క్యూలో నిలబడటం నయం కదా! మీకు గుణదలలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. ముందు మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లి అక్కడి నుంచి రాయించుకోండి. రక్త పరీక్షలు, థైరాయిడ్, స్కాన్, మందులు, రేపు ఆపరేషన్ తప్పదంటే అదీ, అన్నీ దాని కిందికే వస్తాయి. పిల్లల జ్వరాలకి కూడా అదే కార్డు. డాక్టర్ విశ్రాంతి రాసి సర్టిఫికెట్ ఇస్తే ఆ రోజులకి జీతంలో 70 శాతం ఈఎస్‌ఐ ఇస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. దీనికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులైనా పని చేసి ఉండాలి, మీకది ఇబ్బంది కాదు. సెలవు పెడితే జీతం పోతుందనే భయంతోనే ఏడాదిగా ఇలా నెట్టుకొస్తున్నారని నా అనుమానం.

అప్పు లెక్క ఒకసారి నాతో పాటు వేయండి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. నెలకి 3,600. మూడేళ్లలో మీరు కట్టిన వడ్డీ 1,29,600. తెచ్చిన అసలు కంటే ఎక్కువే కట్టారు, అసలు మాత్రం అలాగే ఉంది! మీ ఇంట్లో పెద్ద ఖర్చుల్లో ఇదొకటి, పాలు, కూరగాయల దగ్గర మీరు పడుతున్న తాపత్రయం దీని ముందు ఎంత? అమ్మగారు కాపాడుతున్న బంగారంలో రెండు కాసులు బ్యాంకులో పెట్టండి, ఇప్పుడున్న రేట్లకి లక్షా ఇరవై వేలు రావడానికి అంత చాలు, మహా అయితే ఇంకో కాసు. బ్యాంకు గోల్డ్ లోన్ ఏడాదికి 10 శాతం అనుకున్నా నెలకి వడ్డీ 1,000. మీరు ఇప్పుడు కడుతున్న 3,600నే నెలనెలా అక్కడ కట్టుకుంటూ పోతే, వెయ్యి వడ్డీకి పోయి మిగతాది అసలులోకి వెళ్తుంది, సుమారు 40 నెలల్లో అప్పు తీరి బంగారం ఇంటికొస్తుంది. మధ్యమధ్యలో అసలు కట్టనిచ్చే లోన్ కావాలని ముందే అడగండి, ఏడాది గడువుకి రెన్యువల్ మర్చిపోకండి. అమ్మగారికి ఈ కాగితం చూపించి చెప్పండి, పాపకి పెట్టాల్సిన బంగారం వడ్డీ రూపంలో ఇప్పటికే అప్పిచ్చిన ఆయన ఇంటికి వెళ్లిపోయింది అని. ఆయనకి డబ్బు ఇచ్చేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి. మీరు సంతకం పెట్టిన ప్రాంసరీ నోటు, ఖాళీ చెక్కులు ఏమైనా ఇచ్చి ఉంటే అవీ చేతికి తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి. నోటు వెనక చెల్లు రాయించుకుని ఇంటికి తెచ్చుకోండి, రేపిస్తాను అంటే డబ్బు కూడా రేపే.

మీ ఆయన సంగతి. విడాకులు కాలేదు కాబట్టి ఏమీ చేయలేం అనుకుంటున్నట్టున్నారు. భార్యకీ పిల్లలకీ మనోవర్తి అడగడానికి విడాకులతో పనిలేదు. పాత చట్టంలో 125 సెక్షన్ అని వినే ఉంటారు, ఇప్పుడది దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144. మీరు ఉద్యోగం చేస్తున్నా పిల్లల ఖర్చులో ఆయన వాటా ఆయనదే. మీరుండే విజయవాడలోనే వేయొచ్చు. లాయరు ఫీజు అంటారా, మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, కోర్టు ప్రాంగణంలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ముఖ్యమైన సంగతి ఏంటంటే, మనోవర్తి అప్లికేషన్ పెట్టిన తేదీ నుంచి లెక్కగట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. గడిచిపోయిన మూడేళ్లది ఇప్పుడు రాదు. మీరు మొహమాటపడి ఆగే ప్రతి నెలా అలాగే పోతుంది. ఆయన వస్తాడేమో, కేసు వేస్తే పూర్తిగా దూరమవుతాడేమో అనే ఆశ మీ మనసులో ఉంటే అది తప్పని నేననను. కానీ పిల్లల ఫీజు ఆ ఆశ కోసం ఆగదు కదమ్మా.

చిన్న పనులు రెండు, ఈ నెలలోనే. పీఎఫ్‌లో నామినీగా ఎవరి పేరుందో ఆన్‌లైన్‌లో చూడండి. ఉద్యోగంలో చేరినప్పుడు మీ ఆయన పేరు రాసి ఉంటే పిల్లల పేర్లకి మార్చండి, వాళ్లు మైనర్లు కాబట్టి గార్డియన్‌గా అమ్మగారి పేరు పెట్టండి. పీఎఫ్‌తో పాటు వచ్చే ఇన్సూరెన్స్ కూడా నామినీకే వెళ్తుంది. రెండోది, పాపకి పదేళ్లు నిండేలోపు పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవండి. పదేళ్లు దాటితే ఇంక తెరవనివ్వరు. ఏడాదికి 250 కడితే ఖాతా బతికి ఉంటుంది, అప్పు తీరేదాకా అంతకు మించి కట్టకండి. 36 శాతానికి అప్పు మోస్తూ 8 శాతానికి దాచుకోవడం నష్టం.

రాత్రుళ్లు మనసు మరీ బరువైపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. అమ్మగారిని ఒక నెల వచ్చి మీ దగ్గర ఉండమని అడగండి, బంగారం గొడవ పక్కన పెట్టి, "నాకు బాగాలేదమ్మా, రా" అని అడగండి. అంత సూటిగా మీరు ఇప్పటిదాకా అడిగి ఉండరు.

సోమవారం డిస్పెన్సరీకి వెళ్లేటప్పుడు ఆధార్, ఈఎస్‌ఐ నంబరు, రక్త పరీక్ష కాగితంతో పాటు ఆ నర్సింగ్ హోమ్ స్కాన్ కూడా పట్టుకెళ్లండి. ఫిల్ము ఒక్కటే కాదు, రాసిచ్చిన రిపోర్టు కూడా. వాళ్ల దగ్గరే ఉండిపోతే వెళ్లి అడిగి తెచ్చుకోండి, అది మీ కాగితం.