సర్‌ప్రైజ్ సంగతి సరే, అమ్మని ఎవరు చూసుకుంటారు?

ప్రశ్న: నా వయసు 53. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. వచ్చే శ్రావణానికి మా పెళ్ళయి 25 ఏళ్ళు నిండుతాయి. చదువుకునే రోజుల నుంచి నాకు సోక్రటీస్ అన్నా, గ్రీకుల చరిత్ర అన్నా పిచ్చి. ఈ సందర్భంగా ఆవిడకు ముందు చెప్పకుండా ఏథెన్స్ తీసుకెళ్ళాలని ఆశ. ఆరు రోజులకు గంటల వారీగా ఎక్సెల్ షీటు కూడా తయారు చేశాను. ఇబ్బంది ఏమిటంటే, మూడేళ్ళ కిందట సింగపూర్ వెళ్ళినప్పుడు రెండో రోజే గొడవైంది. ‘మీ షీటుతో మీరే తిరగండి’ అని ఆవిడ హోటల్ గదిలో ఉండిపోయింది. తిరిగొచ్చాక కూడా చాలా రోజులు మాటలు అంతంతమాత్రమే. ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయి. మేం శాకాహారులం. మా అమ్మకు 81 ఏళ్ళు, మా దగ్గరే ఉంటుంది. మా తమ్ముడిదీ ఈ ఊరే. వాడు చూసుకుంటాడని అనుకుంటున్నాను, ఇంకా అడగలేదు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి చెబితే ‘నాన్నా, ముందు అమ్మని అడుగు’ అంది. అడిగితే ఇక సర్‌ప్రైజ్ ఏముంటుంది? ఈసారి గొడవ లేకుండా ఎలా ప్లాన్ చేయాలి?
– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే నేనూ చెబుతాను. పైగా మీకు వేరే దారి కూడా లేదు. గ్రీసు వెళ్ళాలంటే షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. దానికి మీ ఆవిడ స్వయంగా వీసా సెంటర్‌కు వచ్చి వేలిముద్రలు ఇవ్వాలి, ఫారం మీద సంతకం పెట్టాలి, స్కూలు నుంచి సెలవు కాగితం తెచ్చుకోవాలి. ప్రభుత్వ టీచరైతే విదేశం వెళ్ళడానికి శాఖ అనుమతి కూడా ఉండాలి. ఇవన్నీ చేయించి ‘ఎక్కడికో మాత్రం చెప్పను’ అంటే లెక్కల టీచరు ఊరుకుంటుందా? మీ సర్‌ప్రైజ్‌ని వీసా వాళ్ళే రద్దు చేశారనుకోండి. నాకైతే అది మంచికే అనిపిస్తోంది. ఆరు రోజుల ప్రయాణాన్ని సర్‌ప్రైజ్‌గా ఇస్తే, ‘నాకిది ఇష్టం లేదు’ అని చెప్పే వీలు కూడా ఆవిడకు ఉండదు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు ఇంకొకటుంది. ‘వాడు చూసుకుంటాడని అనుకుంటున్నాను, ఇంకా అడగలేదు.’ మరి ఎవరు అడుగుతారు? నా ఊహ చెప్పనా? టిక్కెట్లు కొన్నాక మీరు ఆవిడతో ‘వాళ్ళకి ఓసారి ఫోన్ చెయ్యి’ అంటారు. ఆవిడ తోటికోడలికి ఫోన్ చేసి, వాళ్ళకు వీలవుతుందో లేదో మొహమాటపడుతూ కనుక్కొని, అత్తగారికి ఏ పూట ఏ మాత్ర వేయాలో కాగితం మీద రాసి, పొడులు కొట్టి డబ్బాలకెత్తి, పనమ్మాయికి వేళలు చెప్పి, ఫ్రిజ్ సర్ది, స్కూల్లో పేపర్లు దిద్ది ఇచ్చి, అప్పుడు సూట్‌కేసు దించుతుంది. విమానం ఎక్కేసరికి ఆవిడకు సగం ఓపిక అయిపోయి ఉంటుంది. మీకేమో ఉత్సాహం అప్పుడే మొదలవుతుంది. ‘టూరు వెళ్ళి గొడవపడి వచ్చాం’ అంటూ నా దగ్గరకు వచ్చే దంపతులను కాస్త తరచి అడిగితే, చాలాసార్లు ఆ గొడవ ఇంటి గుమ్మం దాటకముందే మొదలైందని తేలుతుంది.

కాబట్టి ఈ వారమే తమ్ముడితో మీరు మాట్లాడండి. మీ మరదలితోనూ మీరే మాట్లాడండి, ఎందుకంటే రేపు చేయాల్సింది ఎక్కువగా ఆమే. అమ్మ వాళ్ళింటికి వెళ్ళి ఉంటారా, వాళ్ళే వచ్చి మీ ఇంట్లో ఉండాలా అన్నది అమ్మనే అడగండి. ఆవిడ గురించి అందరూ మాట్లాడుకుని చివర్లో ఆవిడకు చెప్పడం బాగుండదు. మందుల చార్టు, డాక్టరు నంబరు, పనమ్మాయి వచ్చే వేళలు, గ్యాస్ బుకింగ్... మీ ఎక్సెల్ విద్యంతా ఇక్కడ చూపించండి. తమ్ముడు కుదరదంటే, ఆ మాట కూడా టిక్కెట్లు కొనకముందే మీ చెవిన పడాలి.

మీకు సోక్రటీస్ ఇష్టం కాబట్టి ఒక మాట. ఆయన రోజులన్నీ ఏథెన్స్ అగోరాలో, అంటే ఊరి అంగడీ రచ్చా రెండూ అయిన చోట, వచ్చేపోయేవాళ్ళతో వాదిస్తూ గడిపాడు. ఆయన భార్య జాంతిప్పి పేరేమో గయ్యాళికి మారుపేరుగా ఇన్ని వందల ఏళ్ళు నిలిచిపోయింది. ముగ్గురు కొడుకులతో ఆ ఇల్లు ఎలా నడిచిందని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. క్రీ.పూ. 399లో ఆయన విషం తాగాల్సిన రోజున ఆమె పిల్లవాణ్ణి తీసుకుని జైలుకు వచ్చి ఏడిస్తే, ఇంటికి పంపించెయ్యమని ఆయన స్నేహితుడు క్రిటోకి చెప్పాడని సోక్రటీస్ శిష్యుడు ప్లేటో రాశాడు. అగోరాలో మీరు సోక్రటీస్ గురించి చెప్పేటప్పుడు ఈవిడ సంగతి కూడా చెప్పండి. మీ ఆవిడకు ఆ రాళ్ళ మీద కాస్త ఆసక్తి పుట్టొచ్చు.

ఇక సింగపూర్. గొడవైందని రాశారు, ఎందుకైందో రాయలేదు. ఎక్కువ నడిపించారా, వేళకు తిండి దొరకలేదా, ఆవిడ కూర్చుందామంటే మీరు ‘ఇంకొక్కటే’ అన్నారా? మీకే సరిగ్గా తెలియకపోతే ముందు అది కనుక్కోండి. ‘ఆ రోజు నీకు ఏది కష్టమైంది? చెప్పు, నేను మధ్యలో మాట్లాడను’ అని అడగండి. అడిగాక నిజంగానే మాట్లాడకండి. ‘అది కాదు, బస్సు టైమైపోతోందని...’ అని అందుకున్నారో, అదే గొడవ ఈసారి మీ హాల్లో మొదలవుతుంది. ‘ఇప్పుడవన్నీ ఎందుకు’ అని ఆవిడ దాటేస్తే ఆ పూటకు వదిలేయండి. రెండు రోజులాగి ఇంకోసారి అడగండి.

ఏథెన్స్ మాట ఆ తర్వాతే ఎత్తండి. ‘నాకు ఎప్పటి నుంచో ఆ ఊరు చూడాలని ఉంది, నీతో కలిసి చూడాలని ఉంది. నీకేమనిపిస్తోంది?’ అనండి. ఆ కోరిక మీదేనని ఒప్పుకోండి. మీ ఉత్తరమంతా వెతికినా ఆవిడ గ్రీసు పేరెత్తినట్టు ఎక్కడా లేదు. మీ కోరికను ఆవిడకు కానుకగా చేతిలో పెడితే, సంతోషించడం కూడా ఆవిడ నెత్తిన ఇంకో పని అవుతుంది. తోడు రమ్మని అడిగితే మాత్రం ఆలోచిస్తుంది, బేరమాడుతుంది, తన షరతులు చెబుతుంది. ఆ షరతులే మీకు కావాలి.

సరే అంటే మొదట మార్చాల్సింది నెల. శ్రావణమంటే ఆగస్టు. అప్పుడు ఏథెన్స్‌లో మధ్యాహ్నాలు 35 డిగ్రీలు దాటుతుంటాయి. వడగాడ్పులు ముదిరితే అక్రోపోలిస్‌ని, అంటే ఊరి మధ్య కొండ మీది పాత గుళ్ళ చోటుని, మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేయడం ఈమధ్య వేసవుల్లో జరుగుతూనే ఉంది. ఆగస్టు 15 వాళ్ళకు మరియమాత పండగ. ఆ రోజుల్లో ఊరి జనమే ద్వీపాలకూ సొంతూళ్ళకూ వెళ్ళిపోతారు, చిన్న చిన్న హోటళ్ళు మూతపడతాయి. పెళ్ళిరోజు హైదరాబాద్‌లో అమ్మ, తమ్ముడి కుటుంబం, అమ్మాయి అందరితో చేసుకోండి. ప్రయాణం దసరా సెలవులకు పెట్టుకోండి. అక్టోబరుకి ఎండ తగ్గుతుంది, సముద్రపు నీళ్ళు ఇంకా మరీ చల్లబడవు. బతుకమ్మ వదిలి రానని ఆవిడ అంటే పట్టుబట్టకండి. ఏప్రిల్ చివర, మే మొదట్లో కూడా అక్కడ హాయిగా ఉంటుంది. వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. నియమం ప్రకారం 15 రోజుల ముందు వరకు గడువు ఉన్నా అంతవరకు ఆగొద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మనిషికి 90 యూరోల ఫీజు, సెంటర్ వాళ్ళ చార్జీలు వేరు. కనీసం 30,000 యూరోలకు ప్రయాణ బీమా తప్పనిసరి.

ఇప్పుడు మీ షీటు. ఆరు రోజుల్లో మూడు ఉదయాలు మీవి. మిగతావి ఆవిడవి, లేదా ఎవరివీ కావు. ఖాళీగా ఉన్న గడిని చూస్తే మీ చెయ్యి దురద పెడుతుందని తెలుసు, కాస్త ఓర్చుకోండి.

అక్రోపోలిస్ దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. టిక్కెట్టు ఇప్పుడు మనిషికి 30 యూరోలు, అదీ గంట ఎంచుకుని ముందే కొనాలి. పొద్దున తెరిచే వేళకే తీసుకోండి. కొండ పెద్ద ఎత్తేం కాదు. వచ్చిన చిక్కల్లా పాలరాళ్ళతో. జనం నడిచి నడిచి అవి నున్నగా అయిపోయాయి, అడుగు జారుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఎక్కడం కంటే దిగడం కష్టం. నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం కొండకు ఉత్తరం వైపు లిఫ్ట్ ఉంది, 2020లో కొత్తది పెట్టారు. గాలి ఎక్కువగా ఉంటే ఆపేస్తారు కాబట్టి ముందే కనుక్కొని వెళ్ళండి. పైన కూడా కొంత మేర చదునైన బాట వేశారు.

ఆవిడ అసలు కొండ ఎక్కనంటే? మీరు ఎనిమిదింటికి ఒక్కరే వెళ్ళండి. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 15 ఏళ్ళలో కట్టిన పార్థినాన్ అనే అథీనా దేవత గుడి ముందు మీకు కావాల్సినంత సేపు నిలబడండి, ఎవరూ తొందరపెట్టరు. ఆవిడ నిద్రలేచి, నింపాదిగా కాఫీ తాగి, కొండ కింద ఉన్న అక్రోపోలిస్ మ్యూజియానికి వస్తుంది. 2009లో తెరిచారు, లిఫ్టులున్నాయి, కూర్చోవడానికి చోటుంది. స్తంభాలకు బదులు కప్పు మోస్తూ నిలబడిన ఆరుగురు స్త్రీల విగ్రహాల్లో అయిదు అసలువి ఇక్కడే ఉన్నాయి. ఆరోది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో. కొండ మీద ఇప్పుడు మీరు చూసేవి నకళ్ళు. పై అంతస్తులో అద్దాల గోడల్లోంచి పార్థినాన్ ఎదురుగా కనిపిస్తుంది. శుక్రవారాలు రాత్రి పదింటి వరకు తెరిచే ఉంటుంది, కొండ ఎదురుగా కనిపించే రెస్టారెంటు కూడా ఉంది. పాతికేళ్ళ పెళ్ళి పేరిట మీ ఇద్దరి భోజనం ఒకటి అక్కడ పెట్టుకోవచ్చు. దంపతులు ఒక పూట విడిగా తిరిగితే యాత్ర పాడైపోదు. నిజానికి మధ్యాహ్నం కలిసినప్పుడు చెప్పుకోవడానికి ఏదైనా ఉంటుంది.

అగోరా చాలావరకు చదునైన నేల, మట్టి బాటలు, చెట్ల నీడ. అక్కడికి ఇద్దరూ వెళ్ళొచ్చు. మూడో ఉదయం ఏం చూడాలో మీరే తేల్చుకోండి, నాకంటే మీకే బాగా తెలుసు.

ఆవిడ రోజుల్లో ఏం చేయాలో నేనెలా చెప్పను, ఆవిడ చెప్పాలి. సముద్రం అంటే ఇష్టమైతే పిరేయస్ రేవు నుంచి ఈజినా ద్వీపానికి ఓడలో గంటా పావు ప్రయాణం. పిస్తా పప్పుకి పేరున్న చోటు. రేవు ఒడ్డున కూర్చుని పిస్తా తింటూ ఓ పూట గడిపేయొచ్చు, చూసి తీరాల్సిందంటూ ఏదీ పెట్టుకోకండి. అక్కడా ఓ పాత గుడి ఉంది, అఫాయా దేవతది. ఆవిడ అడిగితే తప్ప దాని పేరెత్తకండి. ఊరికి దక్షిణాన వూలియాగ్మెనీ అనే చెరువు ఉంది. చలికాలంలో కూడా గోరువెచ్చగా ఉండే నీళ్ళు. టిక్కెట్టు కొని దిగొచ్చు. మోకాళ్ళకు హాయిగా ఉంటుంది, నయమైపోతుందని మాత్రం అనుకోకండి. మోకాళ్ళ సంగతి ఇప్పుడే ఎముకల డాక్టరుకు చూపించండి. ఎంత దూరం నడవొచ్చో, ఎన్ని మెట్లు ఎక్కొచ్చో ఆయన చెప్పిన దాన్నిబట్టే రోజుకి ఎన్ని చోట్లో లెక్కేసుకోండి. బస అక్రోపోలి మెట్రో స్టేషన్‌కు దగ్గరగా, లిఫ్ట్ ఉన్న హోటల్లో తీసుకోండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

తిండికి భయపడక్కర్లేదు. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఏడాదిలో ఉపవాస రోజులు చాలా ఉంటాయి, అప్పుడు మాంసం, గుడ్లు, పాలు మానేస్తారు. అందువల్ల కూరలూ పప్పులూ వాళ్ళ వంటలో బాగా పాతుకుపోయాయి. పసుపచ్చ పప్పుని మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇచ్చే ‘ఫావా’ మీ ఆవిడకు నచ్చుతుందని నా నమ్మకం. బియ్యం కూరిన టమాటాలు, క్యాప్సికం ‘గెమిస్తా’. నిమ్మరసం పిండిన ఉడికించిన ఆకుకూర ‘హోర్తా’. ‘నిస్తీసిమో’ అంటే ఉపవాసపు తిండి. కానీ వాళ్ళ ఉపవాసానికి రొయ్యలు, ఆక్టోపస్ పనికొస్తాయి కాబట్టి ఆ మాట ఒక్కటే నమ్ముకుని ఆర్డరివ్వకండి, ‘చేపలు, రొయ్యలు కూడా వద్దు’ అని విడిగా చెప్పండి. గెమిస్తాలో కూడా కీమా ఉందేమో అడగండి. వాళ్ళు రాత్రి భోజనం తొమ్మిది దాటాక చేస్తారు. మీరు ఏడున్నరకే వెళితే జనం ఉండరు, నెమ్మదిగా తినొచ్చు. ఎమర్జెన్సీకి కందిపొడి, ఊరగాయ సరే. ఎలక్ట్రిక్ కుక్కర్ మాత్రం పెట్టెలో పెట్టనివ్వకండి. అక్కడ అన్నం వండే పని ఎవరిదవుతుందో మీకూ తెలుసు.

ఒకవేళ ఆవిడ అంతా విని, ‘నాకు ఏథెన్స్ వద్దు, భీమిలిలో సముద్రం ఎదురుగా నాలుగు రోజులు ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టండి చాలు’ అంటే? పెళ్ళిరోజుకి భీమిలే వెళ్ళండి. మొహం మాడ్చుకోకుండా వెళ్ళండి. ఏథెన్స్‌కి మీరు ఇంకో ఏడాది మీ అమ్మాయితోనో, స్నేహితుడితోనో, ఒక్కరేనో ఆ ఎక్సెల్ షీటు పట్టుకుని వెళ్ళొచ్చు. దానికి ఆవిడ అభ్యంతరం చెబితే అప్పుడు మళ్ళీ రాయండి.