ఎక్కడో యుద్ధం జరిగితే కోనసీమ చేలో ఎరువు ఎందుకు ఆలస్యమవుతుంది?

ప్రశ్న: అమలాపురం దగ్గర నాలుగెకరాలు కౌలుకు తీసుకుని సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వరే వేస్తున్నాను. కిందటి దాళ్వాలో డీఏపీ నాట్లు అయ్యాక గాని దొరకలేదు. అంతకుముందు ఒక ఏడాది బియ్యం ఎగుమతులు ఆపేశారంటూ వ్యాపారి బస్తాకు ధర తగ్గించాడు. విదేశాల్లో యుద్ధాలు, ప్రభుత్వాలు కూలిపోవడమే కారణమంటున్నారు. ఇందులో నిజమెంత? ఈ దాళ్వాకు నేనేం చేయాలి?

జవాబు: మీరు విన్నదానిలో చాలావరకు నిజం ఉంది. భాస్వరం, నత్రజని రెండూ ఇచ్చే ఎరువు డీఏపీ. మన దేశంలో వాడే దానిలో సగానికి పైగా దిగుమతి అవుతుంది. ఇక్కడ తయారయ్యేదానికి కావలసిన రాక్ ఫాస్ఫేటు, ఫాస్ఫారిక్ ఆమ్లం కూడా మొరాకో, జోర్డాన్ వంటి దేశాల నుంచే వస్తాయి. పొటాష్ సంగతి సరేసరి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు గ్యాసుతో పాటు ఎరువుల ధరలూ భగ్గుమన్నాయి. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక అనేక ఓడలు సూయజ్ దారి వదిలి ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసి వచ్చింది. బొగ్గు ఓడ పది రోజులు ఆలస్యమైతే సర్దుకోవచ్చు. భాస్వరం నాట్లకు ముందు చేసే ఆఖరి దమ్ములో పడవలసిన ఎరువు కాబట్టి అదే పది రోజులు మీకు ఒక పంట కాలంతో సమానం.

ఎగుమతుల విషయానికొస్తే, బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం 2023 జూలై 20న నిషేధించి, 2024 సెప్టెంబరులో ఎత్తివేసింది. దేశంలో బియ్యం ధర పెరగకుండా చూడాలన్న ఉద్దేశం సబబైనదే. కానీ జూలై 20 నాటికి డెల్టాలో సార్వా ఆకుమళ్లు పోసి, దమ్ములు చేసి, కౌలు ఒప్పందాలు కుదుర్చుకున్న రైతుకు వెనక్కి వెళ్లే దారి లేదు. ఇటువంటి నిర్ణయాలు విత్తనం చల్లక ముందే తెలియాలని నేను గట్టిగా నమ్ముతాను. కాకినాడ రేవు నుంచి మన బియ్యం తెప్పించుకునే పశ్చిమ ఆఫ్రికా దేశాల్లోని పేద కుటుంబాలకు కూడా ఆ నిషేధం భారమే అయింది.

ప్రభుత్వ నిర్ణయం ఒక్కటే పంటను ఎంత దెబ్బతీయగలదో పక్కనున్న శ్రీలంక చూసింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించి, కొద్ది నెలలకే వెనక్కి తీసుకున్నా, అప్పటికే వరి దిగుబడి పడిపోయింది.

మీ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ సూడాన్‌లోని గెజీరా. నీలి నైలుపై 1925లో పూర్తయిన సెన్నార్ ఆనకట్ట నుంచి వాలుగా పారే కాలువలతో 20 లక్షల ఎకరాలకు పైగా తడిసే ప్రాంతం అది. మన గోదావరి డెల్టా ఆయకట్టుకు సుమారు రెట్టింపు. 2023 ఏప్రిల్‌లో అక్కడి సైన్యానికి, పారామిలటరీ దళానికి మధ్య పోరు మొదలై, అదే డిసెంబరులో గెజీరాకు పాకింది. నైలులో నీరు తగ్గలేదు, నేల చెడలేదు. పూడిక తీసేవారు, తూములు ఎత్తేవారు, విత్తనం అప్పిచ్చేవారు ప్రాణభయంతో ఊళ్లు విడిచిపోయారు. 2024 ఆగస్టులో అదే దేశానికి పడమటనున్న దార్ఫూర్‌లోని ఒక నిర్వాసితుల శిబిరంలో కరువు నెలకొన్నదని నిర్ధారించారు. మన కాలువలో ఒక్క ఏడాది గుర్రపుడెక్క తీయకపోతే శివారు చేలకు నీరు ఎలా అందదో మీకు తెలుసు. లాకుల దగ్గర నీరు వదిలే లస్కరే లేని ఏడాదిని ఊహించండి.

మీ దాళ్వా నీరు కూడా ఒక రాజకీయ ఒప్పందం మీదే నిలబడి ఉంది. వేసవికి ముందు గోదావరిలో సహజ ప్రవాహం సన్నగిల్లినప్పుడు మనల్ని ఆదుకునేది సీలేరు నుంచి వదిలే నీరు. దాని ఎగువన బలిమెల జలాశయంలోని నీటిని ఆంధ్రప్రదేశ్, ఒడిశా చెరిసగం పంచుకుంటాయి. ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆ పంపకం నిలిచింది కనుకనే ధవళేశ్వరం కింద రెండో పంట పండుతోంది.

ఇక మీ చేను సంగతి. ముందుగా భూసార పరీక్ష చేయించండి. ఏళ్ల తరబడి డీఏపీ వేసిన డెల్టా నేలల్లో చాలాచోట్ల భాస్వరం పేరుకుని ఉంటుంది. ఫలితంలో ఎక్కువని వస్తే మోతాదు తగ్గించవచ్చు. డీఏపీ దొరకకపోతే, ఒక 50 కిలోల బస్తాకు బదులుగా మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, 20 కిలోల యూరియా వేస్తే భాస్వరం, నత్రజని దాదాపు అంతే అందుతాయి, పైగా గంధకం కలిసివస్తుంది. దాళ్వా కోతలయ్యాక జీలుగ గాని పిల్లిపెసర గాని చల్లి, పూత దశలో కలియదున్నితే సార్వాకు నత్రజని కొంత మిగులుతుంది.

కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం తీసుకుని, ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంటలో మీ పేరుమీదే నమోదు చేయించుకోండి. అది లేకపోతే మద్దతు ధరకు ధాన్యం అమ్మేటప్పుడు ఇబ్బంది పడేది మీరే.

నాటిన రెండు వారాలు దాటాక డీఏపీ దొరికితే పైపాటుగా చల్లకండి. బస్తాలను చెక్కబల్లల మీద, గోడకు ఎడంగా, తేమ తగలకుండా పేర్చి సార్వా ఆఖరి దమ్ముకు ఉంచుకోండి.