నోటిమాట మీద సరుకు పంపకు

చిరంజీవి అమ్మడికి మేనత్త ఆశీస్సులు.

ఆటోనగర్‌లో షెడ్డు తీసుకుని బీరువాలు, రాక్‌లు చేయించి ప్రభుత్వ ఆఫీసులకు సప్లై చేస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల టెండరు వేస్తుందంటే ఎంత గర్వంగా ఉందో! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. మీ నాన్న బిల్లులన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే కదా.

చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు, డబ్బు అడిగే ఏజెంటును గుమ్మం ఎక్కనివ్వకు. ఒక్క ఆర్డరైనా తీసుకోకముందే అది చేతిలో ఉండాలి. అందులో తయారీదారుగా నమోదవ్వు. కొని అమ్మేవాళ్లకు ప్రభుత్వ కొనుగోళ్లలో రాయితీలు రావు. జీఎస్టీ, డిజిటల్ సంతకం, ప్రభుత్వ ఆఫీసులు సరుకు కొనే జెమ్ పోర్టల్‌లో ఖాతా, ఇవన్నీ నీకు నేను చెప్పాలా?

2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలూ కేంద్ర ప్రభుత్వ సంస్థలూ ఏడాది కొనుగోళ్లలో 25 శాతం చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి, ఆ 25లోనే మొత్తం కొనుగోళ్లలో 3 శాతం ఆడవాళ్ల సంస్థల దగ్గర. ఈఎండీ, అంటే టెండరుతో పాటు కట్టే ధరావతు, నువ్వు కట్టక్కర్లేదు. ఎల్‌వన్, అంటే అందరికంటే తక్కువ రేటు, పెద్ద కంపెనీదై, నీ రేటు దానికంటే 15 శాతం లోపు ఎక్కువుంటే, ఆ రేటుకు దిగి కొంత ఆర్డరు తీసుకోవచ్చు. అలాగని ఆశపడి గిట్టని రేటుకు దిగావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను. ఇక రాష్ట్ర శాఖల టెండర్లలో నిబంధనలు వేరు, ప్రతిసారీ మొదటి పేజీ నుంచి చదువు.

ఇప్పుడు మీ నాన్న నీకెప్పుడూ చెప్పని సంగతి.

అప్పటికి నువ్వు బడికి కూడా వెళ్లడం లేదు. ఒక ఆఫీసుకు రాక్‌లు ఇచ్చాం, బిల్లు చక్కగా వచ్చింది. మార్చి నెలాఖర్లో అక్కడి ఆఫీసరు ఫోన్ చేశాడు. "ఇంకో లారీ బీరువాలు పంపండి, బడ్జెట్ మురిగిపోతుంది, ఆర్డరు కాగితం వెనకాలే వస్తుంది" అన్నాడు. "కాగితం రానీ అన్నయ్యా" అన్నాను. "పెద్దమనిషి మాట" అన్నాడు మీ నాన్న. మీ అమ్మ గాజులు కుదువపెట్టి రేకు కొన్నాడు. సరుకు దిగింది. సరుకుతో పాటు వెళ్లే డెలివరీ చలాన్ మీద ఎవరో పొడి అక్షరాలతో గీశారు, పేరు లేదు, హోదా లేదు, తేదీ లేదు, ముద్ర లేదు. ఏప్రిల్‌లో ఆఫీసరు బదిలీ అయ్యాడు. కొత్తాయన చెడ్డవాడేం కాదు, ఫైలు తిప్పి మా ముందే చూపించాడు. "ఆర్డరు లేదు, స్టాకు రిజిస్టరులో ఎక్కలేదు, నేను పాస్ చేస్తే ఆడిట్‌కు ఏం చెప్పను?" అన్నాడు. మా బీరువాల్లోనే వాళ్ల ఫైళ్లు పెట్టుకున్నారు, మాకు పైసా రాలేదు. ఆ గాజులు వేలంలో పోయాయి. మీ అమ్మ పల్లెత్తు మాట అనలేదు, మీ నాన్న మాత్రం ఆ ఏడంతా భోజనం దగ్గర తల ఎత్తలేదు.

అందుకే మొండిగా చెబుతున్నా. ఒక్క బీరువా ఎక్కువ అడిగినా, రంగు మార్చమన్నా, సవరణ ఆర్డరు రాతపూర్వకంగా వచ్చాకే రేకు కోయించు. చలాన్ మూడు కాపీలు. తీసుకున్నవాళ్ల సంతకం, పేరు, హోదా, తేదీ, ఆఫీసు ముద్ర పడేదాకా లారీ కదలకూడదు. స్టాకు రిజిస్టరులో ఎక్కించిన పేజీ నంబరు బిల్లు మీద రాయించు. మొహమాటపడకు, విసుక్కుంటే విసుక్కోనీ.

ఆ తేదీ ఎందుకంటే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం నీకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దింపిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. డబ్బు ఇవ్వకపోతే ప్రభుత్వ పోర్టల్‌లో అర్జీ పెట్టొచ్చు. ఆ దింపిన రోజును రుజువు చేసేది నీ చలానే.

డెలివరీ ఆలస్యమైతే బిల్లులో కోత ఉంటుంది, దానికి తగ్గ గడువే ఒప్పుకో. మీ అమ్మ తన గొలుసు ఇస్తానంటుంది, తీసుకోకు. చేతిలో తక్కువైతే నన్నడుగు, నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మొదటి టెండరు అప్‌లోడ్ చేసేముందు డెలివరీ, పేమెంటు, జరిమానా షరతుల పేజీలు ప్రింటు తీసుకుని ఆదివారం ఇంటికి రా. ఫోన్‌లో చూపిస్తే నాకు కనబడదు.

మీ అత్తయ్య