కర్నూలులో ఇల్లు కొనదలచిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఓర్వకల్లు దారిలోని ఒక వెంచరులో ఐదు సెంట్ల ప్లాటు చూశావనీ, నెలాఖరులోగా బయానా ఇవ్వకపోతే ధర పెరిగిపోతుందని మధ్యవర్తి తొందరపెడుతున్నాడనీ రాశావు. అదే ఉత్తరం చివర, అమ్మకు హైదరాబాదు అపార్ట్‌మెంటులో పొద్దుపోవడం లేదనీ, ఆమెను కర్నూలుకు చేర్చి నువ్వు కూడా కొన్నేళ్లకు ఇక్కడే స్థిరపడాలనుకుంటున్నావనీ రాశావు. ఈ రెండింటికీ పొత్తు కుదరదు నాయనా. అమ్మకు కావలసింది నడిచి వెళ్లగలిగిన గుడి, పిలిస్తే పలికే బంధువులు, ఆటో ఎక్కితే కాసేపట్లో చేరే ఆసుపత్రి. నువ్వు చూసిన స్థలం ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటికి ఒక్క ఇల్లు కూడా కట్టని చోట ఉంది. ఉండడానికి కొంటున్నావా, డబ్బు పెరగడానికి కొంటున్నావా అన్నది ముందు తేల్చుకో. ఉండడానికేనని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను.

విమానాశ్రయం వచ్చింది, హైకోర్టు బెంచి వస్తోంది అని ఆ మధ్యవర్తి చెప్పిన మాటల్లో అబద్ధం లేదు. ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో ప్రారంభమైంది. బెంచి ఏర్పాటుకు 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. అయితే ఈ ఊరికి ఇటువంటి ఆశలు కొత్త కాదు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లపాటు ఇది ఆంధ్ర రాష్ట్ర రాజధాని. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోగా ఆనాటి ఉద్యోగుల కోసం వెలసిన ఎ, బి, సి క్యాంపులు మనకు మిగిలాయి. 2020లో న్యాయ రాజధాని అంటూ చట్టం చేశారు, మరుసటి ఏడాది నవంబరులో వెనక్కి తీసుకున్నారు. నా బతుకంతా దస్తావేజులు రాయడంలోనే గడిచింది కనుక చెబుతున్నాను: ఇటువంటి వార్త వచ్చిన ప్రతిసారీ రోడ్డు వెంట సెంటు ధర ముందు పెరుగుతుంది, అక్కడ కాపురముండే మనుషులు చాలా ఆలస్యంగా వస్తారు, కొన్నిచోట్ల రానే రారు. రేపు బెంచి వచ్చినా ఆ లాభాన్ని అమ్మేవాడు నీ దగ్గర ఈనాడే వసూలు చేసుకుంటున్నాడు.

స్థలం చూడడానికి దీపావళి సెలవుల్లో రావద్దు, మే నెలలో రా. చలికాలంలో ఈ ఊళ్లో ప్రతి వీధీ బాగుంటుంది. ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు కుళాయి ఎన్ని రోజులకు ఒకసారి వస్తోందో, వీధిలో ట్యాంకర్లు తిరుగుతున్నాయో లేదో, బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేక ఉప్పగా ఉంటాయో ఆ ఇంటావిడలను అడిగితే, ఏ బ్రోషరులోనూ లేని సంగతులు తెలుస్తాయి. సుంకేసుల ఆనకట్ట దగ్గర నిలిచే తుంగభద్ర నీరే ఊరికి ప్రధాన ఆధారం. నగరపాలక సంస్థ పైపులైను చేరని శివారులో ఇల్లు కట్టుకుంటే ట్యాంకరు ఖర్చు ఎప్పటికీ తప్పదు.

నీళ్లు లేకపోవడం ఒక బాధ అయితే, నీళ్లు రావడం మరొకటి. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి, దిగువన శ్రీశైలం జలాశయం నీరు వెనక్కి తన్నడంతో పాతబస్తీ, నదుల పక్కనున్న పేటలు మునిగిపోయిన సంగతి నీకు తెలుసు. అంతమాత్రాన పాత ఊరిని పూర్తిగా వదిలేయమని నేను అనను. బజారు, ఆసుపత్రి, బస్సు అన్నీ అందుబాటులో ఉన్న చోటు అదే. ఆనాడు నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో పక్కింటి పెద్దవాళ్లను అడిగి, మునిగిన ఇల్లయితే పునాది ఎత్తునూ గోడల చెమ్మనూ ఇంజనీరుకు చూపించి, ఆ మేరకు ధర తగ్గించి అడుగు. హంద్రీకి ఆనుకుని కొత్తగా చదును చేసిన స్థలం మాత్రం ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

మట్టిని గురించి ఎవరూ నీకు చెప్పి ఉండరు. కర్నూలు చుట్టుపక్కల చాలా చోట్ల నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఏడాదికోసారి ఇలా కదిలే నేల మీద మామూలు పునాది వేస్తే గోడలు మూలల నుంచి చీలుతాయి. లేఔటు వేసినవాడు పైన ఎర్ర గరుసు పరచి రోలరు తిప్పించి ఉంటాడు కనుక చూపుకు అది ఎర్రనేలలాగే కనిపిస్తుంది. ఒక మూల గడ్డపారతో తవ్వించి చూడు. పక్క స్థలాల ప్రహరీ గోడలు వంగాయేమో, చీలాయేమో కూడా గమనించు. రేగడి నేల కొనకూడదని కాదు, కానీ లోతు పునాదికీ, అడుగు బీములకూ అయ్యే అదనపు ఖర్చును స్థలం ధరలో కలుపుకొని ఆ తరువాత బేరమాడాలి. తూర్పు ముఖమనీ ఉత్తర ముఖమనీ వాస్తు పేరుతో అదనంగా ఇచ్చే సొమ్ములో సగం పునాదిలో పెడితే ఇల్లు నిలుస్తుందని నా అభిప్రాయం; ఈ మాట మీ అత్త ముందు మాత్రం అనను. పడమటి గోడకు నీడా, నేలకు బేతంచర్ల నాపరాయీ ఉంటే ఎండాకాలం కాస్త సులువుగా గడుస్తుంది.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. హైదరాబాదులో నీకు గజాల లెక్క అలవాటు. ఇక్కడ సెంట్లలో మాట్లాడతారు, సెంటుకు 48.4 చదరపు గజాలు. వెంచరుకు పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి ఉందో లేదో ఎల్పీ నంబరుతో, అంటే లేఔటు అనుమతి నంబరుతో సరిచూడు. పంచాయతీ ముద్ర చూపించి ఇదే అనుమతి అనేవాడితో మాట పెంచుకోకు. 500 చదరపు మీటర్లు మించిన లేఔటుకు రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద నమోదు తప్పనిసరి, నమోదైన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడం ఆ చట్టానికి విరుద్ధం. స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ముప్పై ఏళ్ల ఈసీ, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు అన్నీ తెప్పించుకో. సర్వే నంబరు 22ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషను నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూడు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమి, వక్ఫ్ భూమి, దేవాదాయ భూమి ఈ జిల్లాలో ఎందరి కొంపలనో ముంచాయి. అసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టమే నిషేధించింది. ఆ నిషేధాన్ని మీరి కొంటే, కొన్నవాడు అమాయకుడైనా భూమి అతని చేతిలో నిలవదు. జీపీఏ మీద, అంటే యజమాని ఇచ్చిన అధికార పత్రం మీద అమ్ముతామంటే వద్దను. దానితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. లోను అవసరం లేకపోయినా బ్యాంకుకు దరఖాస్తు పెట్టు, వాళ్ల వకీలు కాగితాలను మరొకసారి జల్లెడ పడతాడు.

కొంత తెలుపు, కొంత నలుపు అంటారు, ఒప్పుకోకు. 20,000 రూపాయలు, అంతకు మించిన బయానాను నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు. పైగా రేపు వ్యవహారం చెడితే దస్తావేజులో రాయని రూపాయిని ఏ కోర్టులోనూ నిరూపించలేవు. స్టాంపులు, రిజిస్ట్రేషను ఖర్చు దాదాపు ఏడున్నర శాతం అవుతుంది, ముందే చేతిలో ఉంచుకో.

ఇక ఇక్కడి బతుకు. ఉదయం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని రాజ్‌విహార్ దాకా నడిచి వచ్చేలోపు నలుగురు పలకరిస్తారు. ప్రభుత్వ పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు కనుక ఆ చుట్టుపక్కల ప్రైవేటు వైద్యానికీ కొరత లేదు. హైదరాబాదు రెండు వందల కిలోమీటర్లకు కాస్త పైన, నాలుగు గంటలు పట్టదు. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లాల్సి వస్తే మాత్రం కొన్నాళ్లకే విసుగు పుడుతుంది, ఆ లెక్క నువ్వే వేసుకో. అమ్మ ఒంటరిగా ఉండే రోజులు ఎక్కువ కనుక ప్లాటు కొని ఇల్లు కట్టించడం కన్నా, కాపలా మనిషి, లిఫ్టు ఉన్న చిన్న అపార్ట్‌మెంటులో కింది అంతస్తు ఆమెకు నయమని నాకు అనిపిస్తోంది. కట్టించాలంటే మేస్త్రీ వెంట రోజూ నిలబడేవాడు కావాలి, నువ్వు అక్కడ ఉండి ఇక్కడ అది సాగదు.

అన్నిటికన్నా ముందు ఒక ఏడాది అద్దెకు ఉండండి. నెల అద్దెను పన్నెండుతో హెచ్చించి ఆ ఇంటి ధర పక్కన పెట్టి చూస్తే, అద్దె ఎంత తక్కువో నీకే తెలుస్తుంది. ఒక వేసవి, ఒక వానకాలం గడిచేలోపు ఏ పేట అమ్మకు సరిపడుతుందో ఆమే చెబుతుంది. బి క్యాంపు, వెంకటరమణ కాలనీ వైపు ఇళ్లు విచారించి ఉంచుతాను. మే మొదటి వారంలో ఇద్దరూ రండి. ఆ ఓర్వకల్లు వెంచరు కాగితాలు ఏవైనా నీ దగ్గర ఉంటే నకళ్లు పంపు, నేను చూసి చెప్పేదాకా బయానా ఇవ్వవద్దు.

ఇట్లు,
మీ మామయ్య